చప్పుడు చెయ్యకండి, ప్రశాంతంగా ఉన్నారు

నిజాంపేటలో ఒక రెండు పడగ్గదుల ఫ్లాటుకి నేను యజమానిని. రిజిస్ట్రేషన్ కాగితాల్లో నా పేరే ఉంది. ఆస్తిపన్ను రసీదు నా పేరు మీదే వస్తుంది. వేసవిలో నీళ్ల ట్యాంకరుకి డబ్బులు కావలసినప్పుడు అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు తలుపు కొట్టి అడిగేది నన్నే. ఇన్ని రుజువులున్న మనిషికి సొంత హాల్లో దగ్గడానికి గడియారం చూసుకోవలసిన గతి పట్టిందని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను. ఎందుకయ్యా అంటే, ఇంట్లో మనశ్శాంతి కార్యక్రమం జరుగుతోంది.

మనశ్శాంతి అంటే మా అబ్బాయిదీ, కోడలిదీ. నాకు ఆ పద్దు కింద ఇంకా కేటాయింపు రాలేదు.

ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. వారంలో సగం రోజులు ఆఫీసే ఇంటికొస్తుంది. వాడు ఒక పడగ్గదిలో తలుపేసుకుంటాడు, ఆ అమ్మాయి రెండోదాంట్లో. నేనూ మా ఆవిడా పగలంతా హాల్లో, అంటే ఆ రెండు కంపెనీలకీ ఉమ్మడి వెయిటింగ్ రూములో, కూర్చుంటాం. ఇంతవరకూ నాకు ఫిర్యాదు లేదు. ఉద్యోగమంతా ట్రెజరీలో చేసినవాణ్ణి. బిల్లుల కోసం వరండాలో పడిగాపులు పడే జనాన్ని చూసి చూసి, పడిగాపులు పడటం ఎలాగో నాకూ పట్టుబడింది.

గొడవంతా మా వాడి కంపెనీ నుంచి ఒక మెయిలు వచ్చిన దగ్గర మొదలైంది. పని చేసుకుంటూనే మనసుని కాపాడుకోవడానికి రోజూ పాటించవలసిన అలవాట్లు అంటూ అందులో పెద్ద జాబితా. వాడు దాన్ని అచ్చు తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. అంతకుముందు ఆ స్థలంలో పాల లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ ఉండేవి. వాటిని ఖాళీ చేయించారు. నష్టపరిహారం లేదు.

అన్నిటికన్నా ముందు టమాటా సంగతి చెప్పాలి. ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే కుర్రాడు 1980ల చివర్లో, పుస్తకం ముందు బుద్ధి నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమరును తిప్పి బల్ల మీద పెట్టుకున్నాడట. 25 నిమిషాలు తలెత్తకుండా పని, 5 నిమిషాలు విశ్రాంతి. అలా నాలుగు విడతలయ్యాక కాస్త పెద్ద విశ్రాంతి. టమాటాని వాళ్లు పొమొడోరో అంటారు గనక పద్ధతికీ ఆ పేరే పెట్టాడు. లోకమంతా ఇప్పుడు ఇలా ముక్కలు కోసుకునే పని చేస్తోందని మా వాడు సెలవిచ్చాడు. టమాటా వల్ల మనసు కుదుటపడుతుందన్న మాట మదనపల్లె మార్కెట్ యార్డుకి వెళ్లి చెప్పి చూడమనండి. 2023 జూలైలో అక్కడ కిలో రెండొందల దగ్గరి దాకా ఎగబాకిన కాయే, ఇంకో సీజనులో కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన కుప్పలుగా పడి ఉంటుంది. ఆ యార్డులో రైతు కోసం ఐదు నిమిషాల విశ్రాంతి గంట కొట్టిన మహానుభావుడు ఇంకా పుట్టలేదు.

సరే, పద్ధతి మంచిదే అనుకుందాం. ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో చూడండి. ఆ 25 నిమిషాల్లో మిక్సీ వెయ్యకూడదు. కుక్కరు కూత పెట్టకూడదు. టీవీలో వార్తలు పెదవుల కదలికని బట్టి అర్థం చేసుకోవాలి. (మన ఛానెళ్ల చర్చలు అలా చూస్తేనే బాగుంటాయి, అది వేరే సంగతి.) పచ్చడి రుబ్బడం, పప్పు ఉడికించడం, మా ఆవిడ వాళ్ల చెల్లెలికి ఫోను చెయ్యడం, నేను దగ్గడం అన్నీ మిగిలిన ఐదు నిమిషాల్లో అయిపోవాలి. కందిపప్పుకి ఇటలీ లెక్క తెలియదు, దాని మానాన అది ఉడుకుతుంది.

పైగా మా ఇంట్లో టమాటాలు రెండు. వాడిది పదకొండింటికి మొదలైతే ఆ అమ్మాయిది పదకొండూ పదికి. వాడి విశ్రాంతి వేళకి ఆ అమ్మాయి ఏకాగ్రత నట్టనడుమ ఉంటుంది, ఆ అమ్మాయి విశ్రాంతి వేళకి వాడిది. ఇద్దరిదీ అరగంట చక్రమే గనక సాయంత్రం దాకా ఆ రెండు ఐదు నిమిషాలూ ఎక్కడా కలవవు. ఈ లెక్కంతా కాగితం మీద గళ్లు గీసి చూపించాను. "మావయ్యగారూ, మీరు లెక్కల్లో భలే షార్ప్ అండీ" అని మెచ్చుకుని ఆ అమ్మాయి తలుపేసుకుంది. ఆ పూట మాకు పచ్చడి లేదు.

ఊపిరి సంగతి క్లుప్తంగా ముగిస్తాను. నాలుగంకెలు లెక్కపెడుతూ పీల్చాలి, నాలుగంకెలు బిగబట్టాలి, నాలుగంకెలకి వదలాలి, మళ్లీ నాలుగు ఊరికే ఆగాలి. మీటింగుకి ముందు మా వాడు బాల్కనీలో నిలబడి ఇది చేస్తాడు. ఎదురు బ్లాకులో ఉండే ఆవిడ చూసి, అబ్బాయికి ఆయాసమా అని వాకబు చేసింది. నాకు తలకొట్టేసినంత పనైంది. "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి? మార్చి 31 రాత్రి పన్నెండింటి దాకా బిల్లులు పాస్ చేసేవాళ్లం. కాంట్రాక్టర్లు, హెడ్మాస్టర్లు, ఊళ్లో ఉన్న ఆఫీసులన్నిట్లోంచీ గుమాస్తాలు వచ్చి కౌంటరు మీద పడేవారు. ఒక్కనాడైనా ఊపిరి లెక్కపెట్టుకున్నామా?" అన్నాను.

మా ఆవిడ బెండకాయలు తరగడం ఆపకుండానే సాక్ష్యం చెప్పింది. "మీరెందుకు లెక్కపెడతారు? మార్చి నెలంతా గుమ్మంలో మీ చెప్పుల చప్పుడు వినగానే ఊపిరి బిగబట్టింది నేనూ, పిల్లాడూను. మీరు కాఫీ తాగి, ఒక మంచి మాట మాట్లాడాక వదిలేవాళ్లం. నాలుగంకెలతో అయ్యేది కాదు."

ఈ సాక్ష్యం విచారణలో ఉన్న అంశానికి సంబంధించినది కాదు. రికార్డులోకి తీసుకోలేదు.

దాని తరవాత ఎండుద్రాక్ష వచ్చింది. అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో కొన్ని వారాల పాఠం ఒకటి మొదలుపెట్టాడు. ఒత్తిడి తగ్గడానికి ధ్యాసని ఒకచోట నిలపడం నేర్పే పాఠం. అందులో ఒక ఎండుద్రాక్షని అరచేతిలో పెట్టుకుని, దాని ముడతలు చూసి, వాసన చూసి, చెవి దగ్గర నలిపి విని, నాలిక మీద నిలిపి, ఆఖరికి నెమ్మదిగా నమలాలి. పెద్ద డాక్టర్లు ఒప్పుకున్న పద్ధతేనట, కాదనను. కానీ మా ఇంట్లో ఎండుద్రాక్షలు పరమాన్నం కోసం తెచ్చినవి. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే చెరొక ద్రాక్షా పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంటారు. ఆ తరవాత మీటింగుకి వేళవుతోందని నాలుగిడ్లీలు నిలబడి, ఫోను చూస్తూ, రెండు నిమిషాల్లో మింగేస్తారు. ద్రాక్ష మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఆ ఇడ్లీ మీద పెట్టినా వండిన మనిషికి సంతోషంగా ఉండేది. ఈ మాట మా ఆవిడ అనమంది. అన్నాను.

నడక మరీ ఘోరం. రోజుకి 10,000 అడుగులు వెయ్యాలి. ఈ అంకె ఏ వైద్యుడు తేల్చాడా అని చూస్తే, 1965లో జపాన్‌లో నడుముకి తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి పెడుతూ దానికి 'పదివేల అడుగుల మీటరు' అని పేరు పెట్టారు, అదీ దాని పుట్టుక. గుండ్రంగా ఉన్న అంకె అమ్మకానికి బాగుంటుంది. అప్పట్నుంచీ లోకం దాని వెనకాల నడుస్తోంది. 2019లో హార్వర్డ్‌కి చెందిన ఐ-మిన్ లీ బృందం వయసు మళ్లిన స్త్రీల మీద చేసిన పరిశోధనలో, 7,500 దగ్గరికి వచ్చేసరికి లాభం పెరగడం ఆగిపోయింది. ఆ పైన మిగిలిన 2,500 అడుగులూ మా హాల్లో పడుతున్నాయి. మా వాడు ఫోను చెవిలో పెట్టుకుని సోఫా నుంచి దేవుడి గూటి దాకా, దేవుడి గూటి నుంచి చెప్పుల స్టాండు దాకా తిరుగుతూనే ఉంటాడు. వాడొచ్చినప్పుడల్లా నేను కాళ్లు ముడుచుకోవాలి. ఆ వ్యాయామం ఏ వాచీలోనూ నమోదు కాదు.

ఇంత నడిచే మనిషి కొత్తిమీర కట్టకి మాత్రం కిందికి దిగడు. యాప్‌లో నొక్కితే పది నిమిషాల్లో వస్తుంది. తెచ్చే కుర్రాడు ఎండలో హెల్మెట్టు తియ్యకుండానే, డెలివరీవాళ్లు పెద్ద లిఫ్టు ఎక్కకూడదని మా సంఘం పెట్టిన బోర్డు చూసి, నాలుగంతస్తులు మెట్లెక్కి వస్తాడు. వాడికి మనశ్శాంతి మెయిలు ఎవరూ పంపరు. "ఫైవ్ స్టార్ ఇవ్వండి అంకుల్" అని బతిమాలుతాడు. మంచినీళ్లిస్తే సగం గ్లాసు తాగి, "టైమైపోతుంది" అని దిగిపోయాడు. వాడి టమాటా పది నిమిషాలది, అందులో విశ్రాంతి ముక్క కొయ్యలేదు. బోర్డు తీయించమని సంఘానికి రాశాను. పరిశీలనలో ఉందట.

పడుకోబోయే ముందు ఆ రోజు కృతజ్ఞత చెప్పుకోదగ్గ విషయాలు మూడు రాసుకోవాలని ఇంకొక నియమం. ఇది కోడలు పాటిస్తుంది. 2003లో ఎమన్స్, మెకల్లో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షకి పెట్టి, కొందరిని కృతజ్ఞతలు రాయమన్నారు, ఇంకొందరిని చిరాకులు రాయమన్నారు. కృతజ్ఞతల జట్టు కాస్త హాయిగా ఉన్నట్టు తేలింది. చిరాకుల జట్టుకి తెలుగు శాఖ లేదు గనక ఆ బాధ్యత నేను తీసుకున్నాను, మీరు చదువుతున్నది ఆ శాఖ రికార్డే. అయితే ఆ అమ్మాయి పుస్తకం ఒకనాడు డైనింగ్ టేబుల్ మీద తెరిచి ఉంది. తెరిచి ఉన్న కాగితం చదవడం ట్రెజరీవాడికి దోషం కాదు. 'అత్తయ్యగారి కాఫీ.' 'సాయంత్రం వాన.' 'మీటింగ్ రద్దు.' నా పేరు లేదు. వెనక పేజీలు కూడా తనిఖీ చేశాను, లేదు. ఒకచోట మాత్రం 'మధ్యాహ్నమంతా ఇల్లు నిశ్శబ్దంగా ఉంది' అని కనబడింది. తేదీ చూస్తే, ఆ మధ్యాహ్నం నేను లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకి వెళ్లాను. పరోక్షంగా జమ పడినట్టే.

ఇవి ఇంటి బాధలు. కంపెనీ చేసింది ఇంకోటుంది. మానసిక ఆరోగ్య వారోత్సవమని పెట్టి అందరి ఫోన్లలోనూ ధ్యానం యాప్ ఒకటి వేయించారు. ఎన్ని నిమిషాలు ధ్యానం చేస్తే అన్ని పాయింట్లు. ఎవరెంత ప్రశాంతంగా ఉన్నారో ర్యాంకులతో సహా రోజూ జాబితా వస్తుంది. మా వాడు టీములో మూడోవాడు. మొదటివాడు యాప్ ఆన్ చేసి నిద్రపోతున్నాడని, ఆ నిద్రంతా ధ్యానం కింద జమవుతోందని అనుమానం వచ్చి ఆ వారమంతా మా వాడికి నిద్ర లేదు.

ఆ వారోత్సవానికి ముగింపుగా, పనికీ జీవితానికీ సమతూకం అన్న విషయం మీద వెబినారు. శనివారం సాయంత్రం ఏడింటికి. హాజరు తప్పనిసరి, కెమెరా ఆన్‌లో ఉండాలి. ఆ వేళకి మా తోడల్లుడి మనవరాలి బారసాల. మేమంతా బంతిలో కూర్చుని పూర్ణాలు తింటుంటే, వాడు ఫంక్షన్ హాలు వెనక జనరేటరు పక్కన నిలబడి, కుటుంబంతో గడిపే సమయం ఎంత విలువైనదో విన్నాడు. ఇంటికొచ్చాక తొమ్మిదిన్నరకి మేనేజరు ఫోను. అమెరికాలో అప్పుడు పగలు, అక్కడేదో ఆగిపోయింది. వాడు లాప్‌టాప్ తెరిచాడు, అర్ధరాత్రి దాటాక మూశాడు. ప్రశాంతంగా ఉండమని మెయిలు పంపింది ఎవరో, ఆ వేళకి ఫోను చేయించిందీ వాళ్లే. పైకప్పు కారుతుంటే కింద తడుస్తున్నవాడికి తువ్వాలు వాడే విధానం నేర్పడం ఇది. పైకెక్కి పెంకు సర్దే మాట ఎవరూ ఎత్తరు.

ముసలాడి నస అని కొట్టిపారేస్తారని కాగితాలు తిరగేశాను. రూలు చూపించకుండా అభ్యంతరం రాసే అలవాటు మా శాఖలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన కొత్త జబ్బుల పట్టికలో 'బర్నవుట్'కి వివరంగా నిర్వచనం రాసింది. జబ్బు అని కాదు. ఎడతెగని పని ఒత్తిడిని సరిగా సర్దకపోవడం వల్ల ఉద్యోగంలో ఏర్పడే స్థితి అని. అంటే తేడా కుర్చీలో ఉంది, కూర్చున్నవాడిలో కాదు. అదే సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇస్తూ, మోయలేని పనిభారం లాంటి మూలాలని చక్కబెట్టమంది. మేనేజర్లకి శిక్షణ ఇప్పించమని మొట్టమొదటిసారి సిఫారసు చేసింది. మేనేజర్లకి! మా ఫ్రిజ్ మీది జాబితాలో ఆ వాక్యం లేదు. అచ్చు తీసేటప్పుడు కాగితం చాలక జారిపోయి ఉంటుంది.

వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవాళ్లకి 35-40 గంటలు చేసేవాళ్లకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువని 2021లో ఆ సంస్థా, అంతర్జాతీయ కార్మిక సంస్థా కలిసి లెక్క తేల్చాయి. ఈ లెక్క మా ఇంట్లో భోజనాల దగ్గర పైకి చదివి వినిపించాను. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు యువతరం 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్‌గారి మాటల్లో అది 90 దాకా వెళ్లింది. ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపని చూస్తారన్నారట. రిటైరైన దగ్గర్నుంచీ నేను చూస్తూనే ఉన్నాను. నాకేమీ ఇబ్బంది లేదు. ఆవిడకి ఉందేమో కనుక్కోలేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలని గీత గీసింది. 2025లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ రోజు హద్దుని 10 గంటలకి జరిపే పని పెట్టుకున్నాయి. ఫ్రాన్సులో ఆఫీసు వేళ దాటాక ఫోనుకి పలక్కుండా ఉండే హక్కు 2017 నుంచి ఉంది, ఆస్ట్రేలియాలో 2024లో వచ్చింది. మన లోక్‌సభలో సుప్రియా సూలే అలాంటి బిల్లునే 2018లో ప్రైవేటు సభ్యురాలిగా పెట్టారు. ప్రైవేటు సభ్యుల బిల్లు మన దేశంలో చట్టమై 1970 తరవాత మళ్లీ ఎరగం. కాబట్టి మా వాడి ఫోను తొమ్మిదిన్నరకి మోగుతూనే ఉంది.

ఇక పళ్ల వ్యవహారం. కిందటేడు కోడలికి నిద్ర కరువైంది. లాప్‌టాప్ ముందు కూర్చుని కారణం లేకుండా ఏడ్చేది. టమాటా తిప్పినా, ద్రాక్ష నమిలినా, పుస్తకం రాసినా ఆగలేదు. మా తరంలో దీనికి ఉన్న మందులు రెండే. 'అన్నీ ఉన్నాయి కదమ్మా, నీకేం తక్కువ' అనడం ఒకటి, తాయెత్తు కట్టించడం రెండోది. మా ఆవిడ రెండూ వాడింది. ఆఖరికి ఆ అమ్మాయే 14416కి ఫోను చేసుకుంది. టెలి మానస్ అని, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న పెట్టిన నంబరు. డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవతలివాళ్లు మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నారట. మా ఇంట్లో అలా జరిగిన దాఖలా లేదు. ఆ తరవాత ఒక డాక్టరుకి చూపించుకుంది, గురువారం గురువారం కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది.

నా ఫిర్యాదు దాని మీద కాదు. అపార్ట్‌మెంటుకి మా ఆవిడ దాన్ని వివరించిన తీరు మీద. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ పేరు, విశాఖలో వాల్తేరు పేరు పిచ్చాసుపత్రి వేళాకోళానికి వాడుకుంటూ పెరిగిన జనం మనం. అందుకని లిఫ్టులో ఎవరో అడిగితే మా ఆవిడ "పంటి డాక్టరు దగ్గరికండీ" అనేసింది. మొదట చిన్న అబద్ధమే. కానీ పన్ను నొప్పి అన్ని గురువారాలు ఉండదు. పుచ్చు కాస్తా రూట్ కెనాల్ అయింది, రూట్ కెనాల్ మీద క్యాపు పడింది, క్యాపు ఊడి చిగుళ్ల ఆపరేషను దాకా వెళ్లింది. కోడలి నోట్లో ఉన్న పళ్లన్నిటికీ మా ఆవిడ లిఫ్టులోనే వైద్యం చేయించేసింది. మూడో అంతస్తు ఆవిడ లవంగనూనె తెచ్చిచ్చింది. ఐదో అంతస్తాయన ఆ డాక్టరెవడో దోచుకుంటున్నాడని నాకు వేరే డాక్టరు నంబరు రాసిచ్చి, వెళ్లారా లేదా అని రోజూ వాకింగులో నిలదీసేవాడు. వినాయకచవితి పందిట్లో కోడలు చేగోడీలు కరకర నములుతుంటే వీళ్లంతా గుడ్లప్పగించి చూశారు.

చివరికి ఆ అమ్మాయే తేల్చేసింది. "ఆంటీ, పళ్లు గట్టిగానే ఉన్నాయి. మనసు బాగోక చూపించుకుంటున్నాను" అని లవంగనూనె ఆవిడతో చెప్పింది. ఆవిడ చేగోడీ పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "ఫీజెంతమ్మా?" అని అడిగింది. తరవాతి గురువారం ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్లారు. ఆవిడ ఇంట్లో ఏమని చెప్పి వచ్చిందో నేను అడగలేదు. మోకాళ్లు అయి ఉండొచ్చు.

ఫీజు విషయంలో బీమా కంపెనీ ఒకదానితో నాకు ఉత్తరాలు నడుస్తున్నాయి. ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మనసు జబ్బుకీ బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. వాళ్లేమో ఆసుపత్రిలో పడుకుంటేనే డబ్బులంటారు. పడుకునే దాకా రాకూడదనే కదయ్యా వెళ్తున్నది అని నేను రాశాను. నాలుగో రిమైండరు మొన్ననే పోస్టు చేశాను. నా మటుకు నాకు దీనంత ప్రశాంతత ఇచ్చే అలవాటు ఇంకోటి లేదు. ఫ్రిజ్ మీది జాబితా అడుగున పెన్నుతో చేర్చాను.

కౌన్సెలర్ ఏం చెప్పిందో మాకు తెలియదు, అడగకూడదట. ఆ అమ్మాయి చేసింది మాత్రం కనిపించింది. రాత్రి ఏడున్నరకి లాప్‌టాప్ మూసి, బీరువాలో పట్టుచీరల కింద పెట్టి, తాళం వేసి, తాళంచెవి నా చేతికిస్తోంది. ఈ ఇంట్లో నాకు దక్కిన అధికారం అదొక్కటే. దాన్ని మొలతాడుకి కట్టుకుని తిరుగుతున్నాను. ఆఫీసు నుంచి ఫోనొస్తే "రేపు పొద్దున చూస్తానండీ" అంటుంది. మొదటిసారి ఆ మాట అన్న రాత్రి, ఫ్లాటు లోను వాయిదాలు తలుచుకుని మేం ముగ్గురం బిక్కచచ్చి నిలబడ్డాం. అవతలివాళ్లు 'ఓకే' అన్నారు. అంతే. మధ్యాహ్నం కంచం పట్టుకొచ్చి మాతో కూర్చుంటుంది, మాగాయ టెంక చీకుతూ వాళ్ల ఆఫీసు కబుర్లు చెబుతుంది. మేనేజరుని అనుకరించి నవ్విస్తుంది. మా ట్రెజరీలోనూ అంతే, నగదు వేళ దాటిందంటే కౌంటరు చెక్క దించేసేవాళ్లం. అవతల ఉన్నది కలెక్టరుగారి గుమాస్తా అయినా సరే, రేపు రమ్మనేవాళ్లం. అందుకని ఈ ఒక్క బిల్లు మీద నాకు అభ్యంతరం లేదు, పాస్ చేశాను. మా వాడు ఇంకా టమాటా దగ్గరే ఉన్నాడు. పైగా వాడి లాప్‌టాప్ బీరువాలో పట్టదని వాదిస్తున్నాడు.

ఇక్కడితో ఆగితే ఈ కాగితం రాసేవాణ్ణే కాదు.

కోడలి తాళంచెవి మా ఆవిడ రోజూ చూస్తూనే ఉంది. ఒక రాత్రి మజ్జిగన్నం దగ్గర గొంతు సవరించుకుని, "ఆ 55 గంటల లెక్క మీరే కదండీ చదివారు. నేనూ వేసుకున్నాను. పొద్దున ఐదున్నరకి పాలప్యాకెట్ల దగ్గర మొదలు, రాత్రి పదింటికి స్టవ్వు తుడవడంతో ఆఖరు. మధ్యాహ్నం నడుం వాల్చిన గంట తీసేశాను. వారానికి వంద దాటింది. తొంభై గంటలని అడిగినాయన ఎవరో, మన ఇంటికొచ్చి చూసుకోమనండి" అంది. కోడలు ఫోను తీసి లెక్క సరిచూసి 108న్నర అని తేల్చింది.

తరవాత ఉత్తర్వులు వెలువడ్డాయి. రాత్రి ఎనిమిదిన్నరకి వంటిల్లు మూత. ఆదివారం పూర్తి సెలవు. సెలవులో ఉండగా ఇంగువ డబ్బా ఎక్కడ, నా కళ్లజోడు ఎక్కడ లాంటి ప్రశ్నలకి జవాబు ఉండదు. కోడలు చప్పట్లు కొట్టింది. కొడుకు "సూపరమ్మా" అన్నాడు. ముందస్తు నోటీసు లేదని, ప్రత్యామ్నాయ ఏర్పాటు చూపలేదని నేను లిఖితపూర్వకంగానే అభ్యంతరం తెలిపాను. "ప్రత్యామ్నాయ ఏర్పాటు ఎదురుగా కూర్చుని మజ్జిగ పోసుకుంటోంది కదండీ" అంది.

మొదటి ఆదివారం ఉప్మా నేనే చేశాను. రవ్వ ముందుగా వేయించుకోవాలన్నది సంబంధిత అధికారి తెలియజేయవలసిన విషయం. ఆ అధికారి సెలవులో ఉంది, హాల్లో కాళ్లు చాపుకుని, సౌండు పెంచి పాత సినిమా చూస్తోంది. ఉండకట్టిందని కొడుకు, ఉప్పెక్కువైందని కోడలు, ఇంతకీ ఇదేమిటని మా ఆవిడ అన్నారు. ఫిర్యాదులన్నీ వరుస సంఖ్య వేసి నమోదు చేసుకున్నాను. సోమవారం పని వేళల్లో, టోకెన్ ప్రకారం పరిశీలిస్తాను.